ప్రాచీన ఈజిప్టు సమాధుల్లోని రంగుల కొయ్యబొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈజిప్టు వస్తువులున్న ఏ మ్యూజియంలోనైనా జనం ముందు మమ్మీల దగ్గరికి పోతారు, తరువాత బంగారం దగ్గరికి. ఆ రెండింటి మధ్య అద్దాల బీరువాల్లో రొట్టెలు కాలుస్తూ, నేత నేస్తూ, పడవలు నడుపుతూ చిన్న చిన్న కొయ్యమనుషులు కనిపిస్తారు. నాలుగు వేల ఏళ్ల కిందటి మామూలు మనుషుల పనిదినాన్ని ఇంత దగ్గరగా చూపించేవి లోకంలో మరెక్కడా లేవని నా నమ్మకం. వాటి గురించి తరచూ ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

ఈ బొమ్మలన్నీ ఒకే రకమా?

కావు. సమాధి యజమానిని చూపించే నిలువెత్తు విగ్రహాలు ఒక రకం. నైవేద్యాలు మోసుకొచ్చే స్త్రీలు, వంటవాళ్లు, పశువుల కాపరులు, పడవవాళ్లు ఉండే నమూనాలు ఇంకో రకం. చనిపోయిన మనిషికి బదులుగా పరలోకంలో పని చేసే షబ్తిలు మరొకటి. ఇవి కాక ఒసిరిస్, అనూబిస్, ఐసిస్, నెఫ్తిస్ వంటి దేవతల బొమ్మలు, మనిషి తల ఉన్న పక్షి రూపంలో ఆత్మను చూపించే బొమ్మలు కూడా ఉన్నాయి. వీటి మధ్య కాలభేదం చాలా ఉంది. పనివాళ్ల నమూనాలు క్రీ.పూ. 2300 ప్రాంతం నుంచి క్రీ.పూ. 1850 ప్రాంతం దాకా ఎక్కువగా కనిపిస్తాయి. దేవతల కొయ్యబొమ్మలు ఆ తరువాతి కాలాల్లో పెరిగి, గ్రీకు వంశానికి చెందిన టాలమీల పాలన దాకా కొనసాగాయి.

సమాధిలో వీటిని ఎందుకు పెట్టేవారు?

చనిపోయిన మనిషికి కూడా ఆకలి ఉంటుందని ఈజిప్షియన్లు నమ్మారు. మనిషిలోని ప్రాణశక్తిని వారు ‘కా’ అన్నారు. శరీరం పోయినా కా మిగులుతుంది, దానికి రొట్టె, బీరు, మాంసం, వస్త్రం కావాలి. కొడుకులో పూజారులో రోజూ తెచ్చి పెట్టాలి. కానీ రెండు మూడు తరాలు గడిచాక తెచ్చిపెట్టేవారు ఉంటారన్న భరోసా ఏముంది? అందుకే తిండిని మాత్రమే కాక తిండి తయారుచేసే మనుషులను, పనిముట్లను, కొట్టాలను కూడా సమాధిలోకి పంపారు. గోడ మీద గీసిన బొమ్మ అయినా, కొయ్యలో చెక్కిన బొమ్మ అయినా సరైన కర్మకాండ జరిగితే నిజంగా పని చేస్తుందని వారి విశ్వాసం.

ఆ కర్మకాండల్లో ముఖ్యమైనది ‘నోరు తెరిపించే’ క్రతువు. పూజారి బాడిస ఆకారంలో ఉన్న పరికరంతో విగ్రహం నోటిని తాకేవాడు. అప్పటినుంచి ఆ విగ్రహం తింటుంది, మాట్లాడుతుంది, ఊపిరి పీలుస్తుంది. కొయ్యను చెక్కడానికి వడ్రంగి వాడే పనిముట్టే దానికి ప్రాణం పోసే పనిముట్టు కూడా అయిందన్నమాట. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, వీటిని అలంకార వస్తువులుగానో పిల్లల ఆటబొమ్మలుగానో చూడలేం. చూడటానికి చేసినవి కావు ఇవి. పని చేయడానికి చేసినవి, పెట్టాక గది మూసేశారు.

పూర్వం సేవకులను చంపి పాతిపెట్టేవారట, వారి స్థానంలో ఈ బొమ్మలు వచ్చాయా?

ఈ మాట చాలా చోట్ల చదువుతాం, వినడానికి సబబుగానూ ఉంటుంది. మొదటి రాజవంశం కాలంలో అబిడోస్‌లో రాజుల సమాధుల చుట్టూ సేవకుల సమాధులు వరుసలు వరుసలుగా ఉన్న మాట నిజం. జెర్ అనే రాజు సమాధి చుట్టూనే 300కు పైగా ఉన్నాయి. వారిలో కొందరినైనా రాజుతోపాటు చంపి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. కానీ ఆ ఆచారం మొదటి వంశంతోనే, అంటే క్రీ.పూ. 2900 ప్రాంతానికే దాదాపుగా ముగిసింది. కొయ్య పనివాళ్లు వచ్చేది మరో ఆరు వందల ఏళ్లకు. మధ్యలో వచ్చినవి గోడల మీది చెక్కడాలు, సున్నపురాతిలో మలిచిన పిండి రుబ్బే స్త్రీల, బీరు పిండే మనుషుల విగ్రహాలు. కొయ్యబొమ్మలు ఆ రాతి విగ్రహాల వారసులు. నరబలికి, వీటికి నేరుగా ముడి పెట్టడం నాకు సరిగా తోచదు.

మెకెత్రే సమాధికి ఎందుకంత పేరు?

నమూనాలన్నీ పెట్టినవి పెట్టినట్టు, రంగు చెదరకుండా దొరికాయి కాబట్టి.

మెకెత్రే రెండో మెంటుహోటెప్ కాలం నుంచి పన్నెండో రాజవంశం మొదటిదాకా రాజుల దగ్గర పనిచేసిన పెద్ద అధికారి, రాజముద్రల బాధ్యత చూసినవాడు. అతని సమాధి నైలు నది పడమటి ఒడ్డున, నేటి లుక్సర్‌కు ఎదురుగా థీబ్స్ కొండల్లో ఉంది. ప్రాచీన కాలంలోనే దొంగలు దాన్ని దోచారు. 1920లో న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం తరఫున హెర్బర్ట్ విన్‌లాక్ బృందం ఆ సమాధిని శుభ్రం చేయిస్తుండగా, నేల మీది రాతి ముక్కలు ఒక పగులులోకి జారిపోతున్నట్టు పనివాళ్లు గమనించారు. ఆ పగులు వెనుక దొంగల కంట పడని చిన్న గది ఉంది. విన్‌లాక్ టార్చిలైటు వేసి చూస్తే లోపల రంగురంగుల చిన్న మనుషులు తమ పనుల్లో తాముగా కనిపించారు. సుమారు క్రీ.పూ. 1980లో మూసిన గది అది.

మొత్తం 24 నమూనాలు. అప్పటి నిబంధనల ప్రకారం సగం కైరోలో ఉంచి, సగం న్యూయార్క్‌కు పంపారు. పశువుల లెక్క జరిగే ముంగిలి, ధాన్యపు కొట్టు, పశువుల కొట్టం, మాంసం కోసే చోటు, రొట్టెలు కాల్చి బీరు కాచే శాల, నేతశాల, వడ్రంగి పాక, తోట ఉన్న ఇల్లు, రకరకాల పడవలు ఉన్నాయి.

ధాన్యపు కొట్టును కాసేపు చూద్దాం. నాలుగు మూలలూ పైకి మొనదేలి ఉన్న గోడల మధ్య రెండు భాగాలు. ఒక వైపు గాదెలు, ఇంకో వైపు లెక్కలు రాసే చోటు. గోనెలు మోసేవారు ఆరుగురైతే, కొలిచేవారూ రాసేవారూ కలిపి తొమ్మిది మంది. ఈజిప్టు రాజ్యం ఎలా నడిచిందో చెప్పడానికి ఈ ఒక్క నిష్పత్తి చాలు. గింజ నేల రాలకముందే దాని లెక్క రాయసగాడి చేతిలో ఉంటుంది. ఆ నమూనాలో వేసిన గింజలు కూడా నిజమైనవే.

తోట ఇంకా ముచ్చటగా ఉంటుంది. రంగుల స్తంభాల వసారా, దాని ముందు చిన్న కొలను, కొలను చుట్టూ చెట్లు. కొలనుకు లోపల రాగి రేకు పరిచారు, నీళ్లు పోస్తే నిలవాలని. చెట్ల కాయలు కొమ్మల చివర కాక కాండానికే అంటుకుని ఉన్నాయి. మేడి చెట్టు తెలిసినవారికి దీని కారణం చెప్పనక్కర్లేదు. ఈజిప్టు సైకమోర్ కూడా మేడి జాతి చెట్టే, కాయలు మానుకే కాస్తాయి. బొమ్మ చెక్కినవాడు చెట్టును బాగా చూసి చెక్కాడు.

ఒకే ఒక్క బొమ్మ చూడాలంటే ఏది చూడాలి?

మెకెత్రే సమాధిలోనే దొరికిన నైవేద్యం మోసే స్త్రీ. నిజానికి ఇద్దరు స్త్రీలు, ఒకరు కైరోలో, ఒకరు న్యూయార్క్‌లో ఉన్నారు. న్యూయార్క్ బొమ్మ పీఠంతో కలిపి సుమారు 112 సెంటీమీటర్లు, అంటే మిగతా బొమ్మలకంటే ఎంతో పెద్దది. తల మీద మాంసం ముక్కలు నింపిన గంప, దాన్ని ఎడమ చేత్తో పట్టుకుంది. కిందికి వేలాడే కుడిచేతిలో రెక్కలు పట్టుకున్న బతికున్న బాతు. ఎడమ పాదం ముందుకు వేసింది. ఒంటిని అంటిపెట్టుకున్న వస్త్రం మీద ఈకల వరుసలు ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో చిత్రించి ఉన్నాయి. ఈకల వస్త్రం సాధారణంగా దేవతలకు వేస్తారు. అందువల్ల ఈమెను పనిమనిషిగా మాత్రమే కాక, యజమానిని కాపాడే ఐసిస్, నెఫ్తిస్ దేవతల ఛాయగా కూడా భావిస్తారు.

నన్ను ఆకట్టుకునేది ఆమె ముఖం. అంత బరువు నెత్తిన ఉన్నా మెడ వంగలేదు, చూపు నేల మీద లేదు. గంప మోయడం అలవాటైన మనిషి నిలబడే తీరు అది, శిల్పి ఊహించి చేసింది కాదు.

దీనికి సాటి వచ్చేవి ఇంకేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. డెయిర్ ఎల్-బెర్షాలో జెహుతినఖ్త్ అనే ప్రాంతాధికారి సమాధి 1915లో బయటపడింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం, బోస్టన్ మ్యూజియం కలిసి చేసిన తవ్వకం అది. దొంగలు అక్కడి బొమ్మలను విసిరికొట్టి పోయినా వాటిలో ఒక ఊరేగింపు మిగిలింది. ముందు గుండు చేయించుకున్న పూజారి, వెనుక ముగ్గురు స్త్రీలు. ఇద్దరి తల మీద గంపలు, చేతిలో బాతులు. చివరి స్త్రీ చేతుల్లో అద్దం, చిన్న పెట్టె. మొత్తం పొడవు సుమారు 66 సెంటీమీటర్లే. కానీ సన్నని నడుములు, పొడుగాటి చేతుల్లోని నాజూకు మెకెత్రే బొమ్మల్లో కూడా లేదు. చెక్కడంలో దీన్నే మొదటి వరుసలో పెడతాను.

ఏ కొయ్య వాడేవారు?

ఈజిప్టులో మంచి కలప తక్కువ. స్థానికంగా దొరికేవి సైకమోర్ మేడి, నల్లతుమ్మ, రేగు జాతి చెట్లు, టామరిస్క్. ఇవి వంకర టింకరగా పెరుగుతాయి, పొడవైన పలకలు రావు. శ్రీమంతుల వస్తువులకు లెబనాన్ కొండల నుంచి దేవదారు తెప్పించేవారు. మన హిమాలయాల దేవదారుకు అది సోదర జాతి. బిబ్లోస్ రేవు నుంచి ఓడల్లో వచ్చేది. దక్షిణాన ఆఫ్రికా లోపలి ప్రాంతాల నుంచి నల్లని ఎబొనీ కొయ్య వచ్చేది, అది జిట్రేగి కుటుంబానికి చెందినది. సైకమోర్ మెత్తన, చెక్కడానికి సులువు, పైగా హాథోర్, నూత్ దేవతలకు సంబంధించిన చెట్టుగా పవిత్రమైనది.

ఎలా తయారుచేసేవారు?

ఒకే దుంగలోంచి మొత్తం బొమ్మను తీయడం అరుదు. కలప కొరత వల్ల మొండెం ఒక ముక్క, చేతులు వేరు ముక్కలు, కొన్నిసార్లు పాదాల ముందు భాగాలు కూడా వేరు. రాగి లేదా కంచు బాడిసతో మోటు ఆకారం తీసి, ఉలితో సన్నపనులు చేసి, ఇసుకరాయితో రుద్ది నున్న చేసేవారు. ముక్కలను కొయ్య చీలలతో బిగించేవారు. వారి రంపం లాగినప్పుడు కోసేది, తోసినప్పుడు కాదు. అందుకే కోయాల్సిన దుంగను నిలువుగా గుంజకు కట్టేవారు. ఇది మెకెత్రే వడ్రంగి పాకలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పాకలో ఒక చిన్న పెట్టె నిండా వేలెడంత పనిముట్లు కూడా ఉన్నాయి. యజమానికి పరలోకంలో వడ్రంగి పని ఆగకూడదు కదా.

తరువాత అతుకులు, పగుళ్లు కనపడకుండా సుద్ద లేదా జిప్సం పొడిని జంతు జిగురుతో కలిపి పూత పూసేవారు. కొన్నిటికి ముందు నారబట్ట అంటించి, దాని మీద పూత వేసేవారు. ఆ తెల్లటి నేల మీద రంగులు. కొండపల్లి బొమ్మల తయారీ చూసినవారికి ఈ వరుస పరిచయంగా తోస్తుంది. అక్కడా పొణికి చెక్కను ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి రంగు వేస్తారు. రెండింటికీ చారిత్రక సంబంధం లేదు, మెత్తటి కొయ్యకు రంగు పట్టించడానికి చేతులు కనిపెట్టిన దారి ఒకటే.

రంగులు వేటితో చేసేవారు?

ఎరుపుకు జేగురు, పసుపుకు పసుపు మన్ను, నలుపుకు మసి, తెలుపుకు సుద్ద లేదా జిప్సం. ప్రకాశవంతమైన పసుపు కావాలంటే అరిదళం, ఆకుపచ్చకు మలకైట్ రాతిపొడి. రంగును పట్టి ఉంచడానికి తుమ్మబంక లేదా జంతు జిగురు.

నీలం కథ వేరు. ఇసుక, సున్నం, రాగి కలిసిన ఖనిజం, కొంచెం క్షారం కలిపి సుమారు 850 నుంచి 1000 డిగ్రీల వేడిలో గంటల తరబడి కాలిస్తే గట్టి నీలపు ముద్ద వస్తుంది. దాన్ని నూరి రంగుగా వాడారు. దీన్నే నేడు ఈజిప్షియన్ బ్లూ అంటారు, మనుషులు కృత్రిమంగా తయారుచేసిన తొలి రంగుల్లో ఇదొకటి. వేడి ఎక్కువైతే ఆకుపచ్చకు తిరుగుతుంది, తక్కువైతే నీలమే రాదు. ఉష్ణమాపకం లేని కాలంలో కొలిమి మంటను కళ్లతో చూసి ఇది సాధించిన పనివారి నైపుణ్యానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

పురుషులు ఎర్రగా, స్త్రీలు పసుపుగా ఎందుకు ఉంటారు?

అది చిత్రకళలోని నియమం. ఎండలో పనిచేసే పురుషుడికి ఎర్రటి గోధుమ రంగు, ఇంటిపట్టున ఉండే స్త్రీకి లేత పసుపు. ఒక మనిషి అసలు చాయ దీన్నిబట్టి చెప్పలేం. ఒసిరిస్‌కు ఆకుపచ్చ లేదా నలుపు వేస్తారు. ఆకుపచ్చ మొలకకు, నలుపు నైలు ఒండ్రుమట్టికి గుర్తు. రెండూ తిరిగి పుట్టడాన్ని సూచిస్తాయి. నలుపు అశుభం అన్న భావన వారికి లేదు.

పడవలు ఎందుకు జంటగా ఉంటాయి?

నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. అందువల్ల ఎగువకు పోయే పడవకు తెరచాప ఎత్తుతారు. దిగువకు వచ్చే పడవకు తెరచాప దింపి తెడ్లు వేస్తారు. చనిపోయిన మనిషి అబిడోస్ పుణ్యక్షేత్రానికి పోయి రావాలి, అందుకు రెండూ కావాలి. జెహుతినఖ్త్‌కు దాదాపు 60 పడవలు పెట్టారు. మెకెత్రే ప్రయాణపు పడవలో ఆయన తామరమొగ్గ వాసన చూస్తూ కూర్చుంటే వీణవాద్యకారుడు వాయిస్తుంటాడు, వెనుక వంటపడవ వస్తుంటుంది.

సైనికుల బొమ్మలు కూడా ఉన్నాయట, నిజమేనా?

నిజమే. అస్యూత్‌లో మెసెహ్తి అనే అధికారి సమాధిలో రెండు దళాలు దొరికాయి. ఒకదానిలో 40 మంది ఈజిప్టు ఈటెవాళ్లు, మరొకదానిలో 40 మంది నూబియా (ఈజిప్టుకు దక్షిణాన ఉన్న ప్రాంతం) విలుకాండ్రు. రెండూ వరుసకు నలుగురు చొప్పున పది వరుసలు, పీఠం మీద అడుగు ముందుకేసి నడుస్తున్నట్టు ఉంటాయి. ఇప్పుడు కైరోలో ఉన్నాయి. దూరం నుంచి అందరూ ఒకేలా కనిపిస్తారు. దగ్గరికి పోతే ఎత్తుల్లో తేడాలు, ముఖాల్లో తేడాలు. డాళ్ల మీది ఆవుతోలు మచ్చలు ఏ రెండూ ఒకేలా ఉండవు. ఈజిప్టు ముక్కలు చెక్కలుగా చీలి ప్రాంతాధికారులు తమలో తాము పోరాడుకున్న కాలం నుంచి అప్పుడే బయటపడుతున్న రోజులవి. రక్షణకు మంత్రం చాలదు, దండు కూడా కావాలనుకున్నాడు మెసెహ్తి.

‘ఊరి పెద్ద’ అని పిలిచే కొయ్యవిగ్రహం ఏది?

కా-అపేర్ అనే పూజారిది. సైకమోర్ కొయ్యతో, సుమారు 112 సెంటీమీటర్ల ఎత్తున, ఐదో రాజవంశం మొదటి కాలానికి కాస్త అటూ ఇటూగా చెక్కారు. 1860లో ఫ్రెంచి పరిశోధకుడు ఒగస్త్ మరియెత్ సక్కారాలో దీన్ని బయటికి తీయించినప్పుడు, పనివాళ్లు దాని ముఖం చూసి తమ ఊరి పెద్దలా ఉందని ‘షేక్ ఎల్-బలద్’ అన్నారు. ఆ పేరే స్థిరపడింది. బొద్దు చెంపలు, కాస్త బొజ్జ, రాగి అంచులో పొదిగిన స్ఫటికపు కళ్లు. ఎటు నిలబడినా మననే చూస్తున్నట్టుంటాయి. ఒకప్పుడు దీని మీదా పూత, రంగు ఉండేవి, ఇప్పుడు రాలిపోయాయి. చేతిలో కర్ర, కాళ్ల కింది భాగం తరువాత చేర్చినవి.

డబ్బున్నవారికేనా ఇవన్నీ?

మెకెత్రే స్థాయి నమూనాలు రాజోద్యోగుల్లో పెద్దలకే. అయితే చిన్న అధికారులకూ ఒక పడవ, ఒక రొట్టెలశాల దక్కేవి, చెక్కడం మోటుగా, రంగు పలచగా. పదిహేడో రాజవంశం చివర, పద్దెనిమిదో వంశం మొదట్లో థీబ్స్‌లో ఇంకా మోటువి చేశారు. ఒక కర్రముక్కకు ముఖం గాట్లు పెట్టి, మీద సిరాతో పేరు రాస్తే అదే షబ్తి. బంధువులు వాటిని చిన్న చిన్న పెట్టెల్లో పెట్టి సమాధి ముంగిట వదిలేవారు. వీటిని కళాఖండాలుగా ఎవరూ లెక్కించరు. కానీ పోయినవారి కోసం మామూలు కుటుంబాలు ఏం చేశాయో తెలుసుకోవడానికి వీటికి మించిన సాక్ష్యం లేదు. మ్యూజియంలో కనిపిస్తే దాటిపోకండి.

పనివాళ్ల నమూనాలు తరువాత ఏమయ్యాయి?

మూడో సెనుస్రెట్ కాలానికి, అంటే క్రీ.పూ. 19వ శతాబ్దంలో, దాదాపు కనుమరుగయ్యాయి. వాటి పని క్రమంగా షబ్తిలకు వచ్చింది. పరలోకంలో పొలం దున్నమని, కాలువలకు నీళ్లు పెట్టమని, ఇసుక మోయమని పిలుపు వస్తే యజమాని బదులు ‘నేను చేస్తాను, ఇదిగో ఉన్నాను’ అని పలకడం షబ్తి బాధ్యత. ఆ మంత్రం బొమ్మ ఒంటి మీదే రాస్తారు, చనిపోయినవారికి పరలోకంలో తోడ్పడే మంత్రాల సంకలనమైన మృతుల గ్రంథంలో అది ఆరో అధ్యాయం. మొదట ఒక్క బొమ్మ చాలనుకున్నారు. తరువాత రోజుకొకటి చొప్పున 365, ప్రతి పదిమందికి ఒక మేస్త్రీ లెక్కన 36, మొత్తం 401 దాకా పెరిగాయి. మేస్త్రీ చేతిలో కొరడా ఉంటుంది. టుటన్‌ఖామున్‌కు నెలకొక పెద్ద మేస్త్రీని కూడా కలిపి 413 పెట్టారు.

నమూనాల్లోని సందడి మాత్రం పోయింది. షబ్తి కాళ్లు చేతులు బిగించుకుని మమ్మీలా నిలబడి ఉంటుంది. రొట్టె పిండి తొక్కే మనిషి, మగ్గం ముందు వంగిన స్త్రీ ఇక కనిపించరు. ఈ మార్పు నాకు నష్టంగానే తోస్తుంది.

బొమ్మ లోపల పుస్తకం దాచేవారా?

అవును. ప్తా, సోకర్, ఒసిరిస్ అనే ముగ్గురు దేవతలను కలిపిన రూపం ఒకటి ఉంది. మమ్మీలా చుట్టిన ఒళ్లు, తల మీద రెండు ఈకల కిరీటం, కింద పొడవైన పీఠం. ఇలాంటి బొమ్మల్లో కొన్నిటికి లోపల బోలు ఉంటుంది. అందులో పపైరస్ చుట్ట పెట్టేవారు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న హునెఫెర్ మృతుల గ్రంథం, అందులో గుండెను ఈకతో తూచే ప్రసిద్ధ చిత్రం, ఇలా బొమ్మ కడుపులో ఉండి వచ్చినవే. అన్హాయ్ అనే గాయకురాలి గ్రంథం కూడా ఒసిరిస్ బొమ్మలోనే దొరికింది. చీకట్లో, గాలి తగలకుండా ఉండటం వల్లే ఆ రంగులు నిలిచాయి.

టుటన్‌ఖామున్ సమాధిలో కొయ్యబొమ్మలు లేవా?

చాలా ఉన్నాయి, బంగారు రేకు కప్పడం వల్ల కొయ్య అని తట్టదు. 1922లో హోవర్డ్ కార్టర్ మొదటి గదిలోకి వెళ్లినప్పుడు మూసిన తలుపుకు అటూ ఇటూ నిలువెత్తు కాపలా విగ్రహాలు రెండు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. నల్లని పూత పూసిన ఒళ్లు, బంగారు పూత ఉన్న కిరీటం, వస్త్రం, దండం. లోపలి గది వాకిట్లో పల్లకి మీద పడుకున్న నల్లని నక్క రూపం, అనూబిస్, అదీ కొయ్యే. దొరికినప్పుడు దాని ఒంటి మీద నారబట్ట కప్పి ఉంది.

నాలుగు వేల ఏళ్లు కొయ్య ఎలా నిలిచింది?

ఎడారి పొడి, చీకటి, కదలని గాలి. నీరు లేకపోతే బూజు పట్టదు. కానీ నిలిచినవాటికంటే పోయినవే ఎక్కువ. చెదలు లోపలంతా తిని పైపూతను మాత్రమే వదిలిన బొమ్మలు ఎన్నో. నైలు తేమ చేరిన చోట కొయ్య మిగలలేదు. దొంగలు పొయ్యిలో పెట్టినవీ ఉంటాయి.

సమాధిలో క్షేమంగా ఉన్నది మ్యూజియంలో చెడిపోవచ్చు. తేమ పెరిగితే కొయ్య ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది, మీది సుద్దపూత మాత్రం సాగదు. అప్పుడు రంగు పెచ్చులుగా లేస్తుంది. అందుకే ఆ గదుల్లో వెలుతురు తక్కువగా, తేమ ఒకే స్థాయిలో ఉంచుతారు. ఫ్లాష్ వేయవద్దని బోర్డు ఉంటే దయచేసి పాటించండి. అరిదళం పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది.

ఇప్పుడు కనిపిస్తున్న రంగులు అసలువేనా?

కొన్ని అసలువే, మెకెత్రే బొమ్మల్లో చాలావరకు. కొన్నిటి మీద పాత మరమ్మతుల పూతలు ఉంటాయి. రాగితో చేసిన కొన్ని రంగులు కాలక్రమంలో గోధుమ లేదా నలుపుకు తిరిగాయి. కంటికి కనపడని రంగును పట్టడానికి ఒక చక్కటి పద్ధతి ఉంది. ఈజిప్షియన్ బ్లూ మీద మామూలు ఎర్రటి వెలుగు పడితే అది పరారుణ కాంతిని వెలువరిస్తుంది. ప్రత్యేక కెమెరాతో చూస్తే రంగు రాలిపోయిన చోట మిగిలిన ఒక్క రేణువు కూడా తెల్లగా మెరుస్తుంది. బొమ్మను గీకకుండా, ముట్టకుండా పని అయిపోతుంది.

ఎక్కడ చూడవచ్చు? మన దేశంలో ఉన్నాయా?

కైరో తహ్రీర్ కూడలిలోని మ్యూజియం, న్యూయార్క్ మెట్రొపాలిటన్, బోస్టన్ లలితకళల మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం, పారిస్ లూవ్ర్, ఇటలీలోని టురిన్ ఈజిప్టు మ్యూజియం ముఖ్యమైనవి. టుటన్‌ఖామున్ వస్తువులను గీజా దగ్గర కొత్తగా కట్టిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి తరలించారు. అమెరికాలో తూర్పు తీరంలో ఉండే తెలుగువారు న్యూయార్క్, బోస్టన్ రెండూ చూస్తే ఈ పేజీలో చెప్పిన మంచి బొమ్మల్లో చాలా భాగం చూసినట్టే.

మన దగ్గర కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలోనూ, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలోనూ ఈజిప్టు మమ్మీలు ఉన్నాయి. హైదరాబాద్ మమ్మీని నజీర్ నవాజ్ జంగ్ కొని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇవ్వగా, నిజాం 1930లో మ్యూజియానికి అందజేశారు. మెకెత్రే తరహా నమూనాల కోసం మాత్రం విదేశాలకు పోవాలి, లేదా మెట్రొపాలిటన్ వెబ్‌సైట్‌లో పెద్ద ఫొటోలు ఉచితంగా చూడవచ్చు. వాటిని బాగా పెద్దవి చేసి, బొమ్మల చేతివేళ్లు ఎలా చెక్కారో చూడండి.

ఆన్‌లైన్‌లో ‘అసలు ఈజిప్టు కొయ్యబొమ్మ’ అమ్ముతున్నారు, కొనవచ్చా?

నా మాట వింటే కొనవద్దు. 1983లో వచ్చిన 117వ నంబరు చట్టం ప్రకారం ఈజిప్టులో పురావస్తువుల వ్యాపారం, ఎగుమతి నిషేధం. అంతకుముందే చట్టబద్ధంగా దేశం దాటిందని నిరూపించే కాగితాలు లేని వస్తువు దొంగసొత్తు కావచ్చు. నకిలీలు 19వ శతాబ్దం నుంచీ తయారవుతూనే ఉన్నాయి. పాత శవపేటికల చెక్క మీద కొత్త రంగు వేసినవి నిపుణులనూ మోసం చేయగలవు, కొయ్య వయసు పరీక్షలో పాతదనే తేలుతుంది. ఇంట్లో పెట్టుకోవాలని ఉంటే పెద్ద మ్యూజియంల దుకాణాల్లో ప్రతిరూపాలు దొరుకుతాయి, అది ప్రతిరూపమని అడుగున రాసి ఉంటుంది.